నక్షత్రాల త్రికోణం ఎవరి పనికొస్తుంది?

హైదరాబాద్ అమీర్‌పేటలో చాలా కోచింగ్ సెంటర్లలో పైథాన్ మొదటి వారం ఒకే దారిలో నడుస్తుంది. ముందు తెరమీద 'హలో వరల్డ్', ఆ వెంట సరి బేసి సంఖ్యలు, ఫిబొనాచీ వరస, తిరగేసినా మారని పదాలు. ఆ తర్వాత నక్షత్రాల త్రికోణం: మొదటి వరసలో ఒక చుక్క, రెండో వరసలో రెండు, మూడో వరసలో మూడు. ఇంటర్వ్యూలో అడుగుతారన్న భయంతో కొందరు దాన్ని లెక్కల సూత్రంలా బట్టీ పడతారు కూడా.

ఈ భాషతో రోజువారీ పని తేలిక చేసుకోగలిగినవాళ్లు ఎవరో ఒకసారి చూడండి. స్కూల్లో మార్కుల జాబితాలు సరిచూసే క్లర్కు. పెళ్లి ఫొటోలు వందల సంఖ్యలో తీసి, ఒక్కోదానికీ పేరు మార్చుకుంటూ కూర్చునే స్టూడియో కుర్రాడు. ఎరువుల దుకాణంలో బాకీల లెక్క రాసే గుమాస్తా. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లోనైతే డిజిటల్ అసిస్టెంట్ అనే ఉద్యోగమే ఉంది. రెండు జాబితాల్లో ఎవరి పేరు ఉంది, ఎవరిది తప్పిపోయింది, ఏ పేరు రెండుసార్లు పడింది అనేవి వీళ్ల ప్రశ్నలు. త్రికోణం గీయడం వచ్చినంత మాత్రాన వీటికి జవాబు దొరకదు. కొత్తవాళ్లకు నిజంగా సాయం చేయాలనుకుంటే పాఠం వాళ్ల చేతిలో ఉన్న ఫైలు దగ్గరే మొదలుకావాలి.

త్రికోణం వల్ల ఉపయోగం లేదని కాదు. లూపు లోపల లూపు ఎలా తిరుగుతుందో అది బాగానే చూపిస్తుంది. ఉద్యోగం కోసం వచ్చినవాడికి ఇంటర్వ్యూ ప్రశ్నలు నేర్పడమూ తప్పు కాదు, ఫీజు కట్టింది అందుకే. కానీ స్క్రిప్టింగ్ భాషలు పుట్టిందే విసుగు పుట్టించే పనుల నుంచి. 1987లో లారీ వాల్ పెర్ల్ భాషను విడుదల చేయడానికి ప్రేరణ, చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లలోంచి నివేదికలు తయారుచేయాల్సి రావడం. ఆమ్‌స్టర్‌డామ్‌లో గైడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టి 1991లో బయటపెట్టిన పైథాన్‌కు ఆదర్శం ఏబీసీ అనే మరో భాష. ప్రోగ్రామింగ్ వృత్తి కానివాళ్లకు నేర్పడానికే ఏబీసీని తయారుచేశారు. 1999లో ఆయనే 'అందరికీ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' అన్న ఉద్దేశంతో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పాకు ఒక ప్రతిపాదన పెట్టారు. 2015లో వచ్చిన ఆల్ స్వైగార్ట్ పుస్తకం 'ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్' ఇంత పేరు తెచ్చుకోవడానికి కారణం కూడా ఇదే. ఫైళ్ల పేర్లు మార్చడం, ఎక్సెల్ షీట్లు చదవడం, పీడీఎఫ్‌లు కలపడం లాంటి ఆఫీసు పనులే అందులో పాఠాలు. నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

ఇక అసలు చిక్కులు. కొత్తవాడు మొదట తడబడేది అంకెకూ అక్షరానికీ తేడా దగ్గర. కీబోర్డు మీద 5 అని కొట్టించి, మళ్లీ 5 కొట్టించి, రెండూ కలపమంటే పైథాన్ 55 అంటుంది. కొట్టింది ఏదైనా దానికి ముందు అక్షరమే. ఇది అంకె అని మనం చెబితేనే కూడుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం ఎర్రర్లు పోతాయి. దీనికి తిరగబడ్డ చిక్కు ఫోన్ నంబర్లది. హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040, విజయవాడది 0866, విశాఖపట్నానిది 0891. వీటిని ఎక్సెల్ అంకెలనుకుంటుంది, ముందున్న సున్నా మాయమవుతుంది. పైథాన్‌లో జాబితాలు చదవడానికి అందరూ వాడే పాండాస్ లైబ్రరీ కూడా, చెప్పకపోతే అదే పని చేస్తుంది. ఆ నిలువు వరసను అక్షరాలుగా చదవమని ఒక్క మాట రాస్తే చాలు. ఆ మాట రాయాలని తెలియాలంటే మాత్రం సున్నా పోయిన జాబితా ఒకసారి కళ్లబడాలి.

ఇది తెలియనివాళ్లకే వచ్చే తిప్పలు అనుకుంటే పొరపాటు. జన్యు శాస్త్రవేత్తలు మార్చ్1, సెప్ట్2 అని పేర్లు పెట్టుకున్న జన్యువులను ఎక్సెల్ మార్చి ఒకటో తేదీ, సెప్టెంబరు రెండో తేదీ చేసేసింది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. సాఫ్ట్‌వేర్ మారేదాకా ఆగలేక 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మైక్రోసాఫ్ట్ ఈ సొంత పెత్తనాన్ని ఆపే వీలు కల్పించింది 2023లో.

తెలుగు ఫైలు చేతికొస్తే చిక్కులు ఇంకో మెట్టు ఎక్కుతాయి. కోచింగ్ పాఠాలు దాదాపుగా తాకని చోటు ఇదే.

విండోస్ కంప్యూటర్లో ఒక విద్యార్థి ఊళ్ల పేర్లను తెలుగులో ఫైల్లోకి రాయబోతాడు. యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్ అంటూ ఎర్రటి అక్షరాలు పడతాయి. తన కోడ్‌లో తప్పేమీ లేదు. ఏ ఎన్‌కోడింగ్ వాడాలో చెప్పకపోతే పైథాన్ విండోస్‌లో ఉన్న పాత పాశ్చాత్య అక్షరాల పట్టికను పట్టుకుంటుంది, అందులో తెలుగు లేదు. యూటీఎఫ్-8 అని చెబితే ఫైలు తయారవుతుంది. దాన్ని ఎక్సెల్‌లో తెరిస్తే అనకాపల్లి బదులు అర్థంకాని లాటిన్ అక్షరాల గొలుసు కనిపిస్తుంది. ఫైలు మొదట్లో ఒక గుర్తు పెట్టే యూటీఎఫ్-8-సిగ్ అనే రకం వాడితే ఎక్సెల్ దారికొస్తుంది. రెండు చిన్న విషయాలే. ఇవి తెలియక 'తెలుగు కంప్యూటర్‌కు పడదు' అని ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్లు రాసుకునేవాళ్లు కొల్లలు. పైథాన్ 3.15 నుంచి అన్నిచోట్లా యూటీఎఫ్-8నే అలవాటుగా వాడాలని ఆ భాషను నడిపేవాళ్లు నిర్ణయించారు కాబట్టి మొదటి చిక్కు క్రమంగా తొలగిపోతుంది. రెండోది ఎక్సెల్ చేతిలో ఉంది.

అంతకన్నా జిత్తులమారిది కనిపించని అక్షరం. పొల్లుతో ముగిసే కిరణ్, శ్రావణ్ లాంటి పేర్లు టైపు చేసినప్పుడు కొన్ని కీబోర్డులు చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును వదులుతాయి. కంటికి కనబడదు, ప్రింటులోనూ రాదు. హాజరు పట్టీలో ఉన్న కిరణ్, ఫీజుల జాబితాలో ఉన్న కిరణ్ మనకు ఒక్కడే, పైథాన్‌కు ఇద్దరు. ముందువెనకల ఖాళీలు కత్తిరించే స్ట్రిప్ అనే ఫంక్షన్ కూడా దీన్ని తీయదు, ఎందుకంటే లెక్కప్రకారం అది ఖాళీ కాదు. పిల్లవాడు ఫీజు కట్టినా కట్టని జాబితాలోకి ఎక్కుతాడు. ఇక్కడ ఎర్రర్ రాదు, ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది.

పొడవు లెక్కలోనూ ఇలాంటిదే ఉంది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. పైథాన్‌ని అడిగితే ఆరు అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇంగ్లిష్‌లో పదాన్ని తిరగేసే పాఠాన్ని తెలుగు పదం మీద నడిపితే గుణింతాలు ఒకచోట, హల్లులు ఒకచోట పడతాయి. మరోపక్క ఇదే పైథాన్ ౧౨౩ అని తెలుగు అంకెలు ఇస్తే నూట ఇరవై మూడుగా లెక్కవేస్తుంది, 'మొత్తం' అని తెలుగులో పేరు పెట్టిన చరరాశినీ ఒప్పుకుంటుంది. తరగతిలో ఇది చూపించే మాస్టార్లు అరుదు. చూపిస్తే తెలుగు మీడియం పిల్లల ముఖాలు వెలిగిపోతాయి, ఇందులో సందేహం అక్కర్లేదు.

సాయం ఎలా చేయాలన్నది రెండో సంగతి. 'కోడ్ పంపించు, సరిచేసి ఇస్తా' అన్నది మన దగ్గర వాడుకలో ఉన్న పద్ధతి. దానివల్ల ఆ పూట గడుస్తుంది, అంతే. 1998లో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగ్ నేర్పే ఉద్యమం. నేర్పేవాళ్లు స్లైడ్లు చూపరు, అందరి ముందూ అక్కడికక్కడే టైపు చేస్తారు. తప్పు వస్తే ఎలా వెతకాలో కూడా అప్పుడే కనబడుతుంది. నేర్చుకునేవాళ్ల దగ్గర రెండు రంగుల చీటీలుంటాయి. పని అయిపోతే ఒకటి, ఆగిపోతే రెండోది లాప్‌టాప్‌కు అంటిస్తారు, చెయ్యెత్తి అడగడానికి సిగ్గుపడేవాళ్లకు అది ఊరట. సాయానికి వచ్చినవాళ్లు పాటించే నియమం ఇంకోటి ఉంది: ఎదుటివాడి కీబోర్డు ముట్టుకోకూడదు. పలక మీద 'అ' దిద్దుకుంటున్న పిల్లవాడి చేతిలోంచి బలపం లాక్కుని మనమే రాసేస్తే వాడికి ఏమొస్తుంది?

కోడ్ అడిగే ముందు డేటా అడగాలి. 'నీ ఫైల్లోంచి ఐదు వరసలు చూపించు, చివరికి ఏం రావాలో కాగితం మీద చేత్తో రాసి చూపించు' అంటే చాలామందికి సమస్య అక్కడే సగం విడిపోతుంది. తర్వాత ఎర్రర్ చదివించాలి, అదీ కింది నుంచి. పైథాన్ ఎర్రర్‌లో అసలు కబురు చివరి వరసలో ఉంటుంది. కొత్తవాళ్లు పైనున్న ఫైలు చిరునామాలు చూసి బెదిరి తెర మూసేస్తారు. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 నుంచి ఆ కబుర్లు చాలా మెరుగయ్యాయి. బ్రాకెట్ తెరిచి మూయకపోతే ఎక్కడ తెరిచారో చెబుతుంది, పేరులో ఒక అక్షరం తప్పితే 'మీ ఉద్దేశం ఇదా' అని అడుగుతుంది. అంత మర్యాదగా చెప్పినా ఇంగ్లిష్ అన్న బెరుకుతో చదవనివాళ్లున్నారు. తరచుగా వచ్చే పది పన్నెండు ఎర్రర్ల అర్థాన్ని తెలుగులో రాసి ల్యాబు గోడకు అంటించడానికి ఏ కాలేజీకైనా అయ్యే ఖర్చు ఒక చార్టు.

మూడో అలవాటు వరసలు లెక్కపెట్టడం. 2020 సెప్టెంబరు చివరి వారంలో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి ఎక్కలేదు. ల్యాబుల నుంచి వచ్చిన వివరాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు, అందులో ఒక షీటుకు 65,536 వరసలే పడతాయి. మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. ఆ రోగులను కలిసినవాళ్లను అప్రమత్తం చేయడం ఆలస్యమైంది. లోపలికి ఎన్ని వరసలు వచ్చాయి, బయటికి ఎన్ని వెళ్లాయి అని సరిపోల్చే కోడ్ రెండు వరసలు. నేర్చుకుంటున్నవాడికి ఏ అల్గారిథం కన్నా ముందు ఇది చేతికి అలవాటు కావాలి.

ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు వచ్చాయిగా, ఇంకా నేర్చుకోవడం ఎందుకని కొందరంటున్నారు. 'ఈ రెండు జాబితాలు కలుపు' అంటే నిమిషంలో కోడ్ వస్తుంది, చాలాసార్లు నడుస్తుంది కూడా. కానీ ఆ కోడ్‌కు కిరణ్ పేరు చివరున్న గుర్తు సంగతి మనం చెప్పందే తెలియదు. 03/04/2024 మన ఊళ్లో ఏప్రిల్ మూడు. ఏ పద్ధతో చెప్పకుండా తేదీగా మార్చమంటే పాండాస్ దాన్ని అమెరికా పద్ధతిలో మార్చి నాలుగుగా చదువుతుంది. చాట్‌బాట్ అడ్డదిడ్డంగా ఏం చేసిందో పట్టుకోవాలంటే తన డేటా తనకు తెలిసినవాడే పట్టుకోవాలి. ఇంకో జాగ్రత్త: జనం ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్న అసలు జాబితాను చాట్‌బాట్‌లో పడేయకూడదు. ఉత్తుత్తి పేర్లతో పది వరసలు తయారుచేసి ఇస్తే సరిపోతుంది. సమస్యను చిన్నది చేసుకోవడం అలవాటైనవాడికి ఇది కొత్త పనేమీ కాదు.

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో పైథాన్ ఉంది, కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైళ్లు చదవడం కూడా ఉంది. కాబట్టి కొత్త సిలబస్ రాయక్కర్లేదు, ప్రాక్టికల్ పరీక్షలో ఇచ్చే ఫైలు మార్చితే చాలు. శుభ్రమైన ఇంగ్లిష్ పేర్ల బదులు తెలుగులో పది వరసలు ఇవ్వాలి. ఒక పేరు చివర కనిపించని గుర్తు, ఒక నంబరుకు ముందు సున్నా, ఒక తేదీ 03/04, ఒక ఖాళీ గడి, ఒకే మనిషి పేరు రెండు రకాలుగా. ఇందులో నిజానికి ఎంతమంది ఉన్నారో తేల్చమనాలి. సగం మార్కులు కోడ్‌కి, మిగతా సగం ఏ తప్పు ఎలా పట్టుకున్నాడో విద్యార్థి తెలుగులో రాసిన నాలుగు మాటలకి.