గెలవని యుద్ధానికి విజయచిత్రం

బొమ్మని బొమ్మలా చూడాలి, చరిత్రని మధ్యలోకి లాగకూడదు అని మన చిత్రకళాభిమానులు కొందరు తరచు అంటుంటారు. సరే, అలాగే చూద్దాం.

బోస్టన్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన జాన్ సింగిల్టన్ కాప్లీ 1780లో వేసిన హ్యూ మాంట్‌గోమరీ నిలువెత్తు తైలవర్ణచిత్రం ఇది. లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో ఉంది. ఎర్రకోటు, గళ్ళ కిల్టు, చాచిన చెయ్యి. వెనక పొగ, ఆ పొగలో చెరొకీలతో యుద్ధం. ఆ కోటు మీద పడ్డ వెలుగు చూస్తే కాప్లీ చెయ్యి తిరిగినవాడని ఒప్పుకోవాల్సిందే. (కిల్టు కథ వేరే ఉంది. స్కాట్లండులో మగవాళ్ళు ఆ బట్టలు కట్టడం 1746 చట్టం ప్రకారం నేరం. సైనికులకి మాత్రం మినహాయింపు. నిషేధం 1782 దాకా ఎత్తెయ్యలేదు. సొంత దేశంలో కట్టకూడని బట్ట, ఇంకొకళ్ళ ఊళ్ళు తగలబెట్టడానికి పోతే కట్టుకోవచ్చన్నమాట!)

ఇంతకీ ఏ యుద్ధమది? 1760లో మాంట్‌గోమరీ హైలాండర్ల దళం చెరొకీల దిగువ ఊళ్ళ మీద పడింది. కియోవీ, ఎస్టటో లాంటి ఊళ్ళని తిండిగింజలతో సహా కాల్చేసింది. మన కథానాయకుడు ఆ దళంలో అధికారి. ఆ ఊపులో కొండల్లోకి ఎక్కితే, జూన్ 27న ఎచోయీ దగ్గర చెరొకీలు మాటువేసి కొట్టారు. దళం వెనుదిరిగింది. ముట్టడిలో ఉన్న లౌడన్ కోట దాకా చేరనేలేదు. ఆగస్టులో ఆ కోట చెరొకీలకి లొంగిపోయింది.

ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ తిరుగుముఖానికి దేవుడి భంగిమ దక్కింది. మాంట్‌గోమరీ నిలబడ్డ తీరు వాటికన్‌లోని బెల్వెడేర్ అపోలోది, కుడిఎడమలు మార్చి. అప్పటికాయన ఎగ్లింటన్ ఎర్ల్ కూడా కాడు, ఆ హోదా 1796లో వచ్చింది. మరి ఈ దేవుడు రంగుల్లోంచి ఊడిపడ్డాడా? చరిత్రని మధ్యలోకి లాగింది నేనా, కాప్లీయా?

అదే 1760లో ఇంకో అమెరికన్ చిత్రకారుడు బెంజమిన్ వెస్ట్ రోమ్‌లో ఆ అపోలోని మొదటిసారి చూసి, అచ్చం మోహాక్ యోధుడిలా ఉన్నాడే అన్నాడని ఆయన జీవితచరిత్రకారుడు రాశాడు. కాప్లీ ఆ అపోలోని తీసుకెళ్ళి ఆదివాసుల ఊళ్ళు తగలబెట్టిన దళంలోనివాడికి తొడిగాడు.

అయితే బొమ్మ బాలేదంటావా అని అడుగుతారు. బాగుందండీ, చాలా బాగుంది. ఎచోయీ పేరు కూడా వినకుండా రెండువందల ఏళ్ళకి పైగా జనం దాని ముందు నిలబడి మెచ్చుకుంటున్నది అందుకే. ఎర్రకోటుని మెచ్చుకున్నంతసేపూ మెచ్చుకుని, ఆ తర్వాతైనా వెనకున్న పొగలోకి చూడమంటున్నాను.