నికేయాలో జరిగింది వేరు

సంపాదకులకు,

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న త్రిత్వ సిద్ధాంతాన్ని రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ 325లో నికేయా బిషప్‌ల సభలో పుట్టించి రుద్దాడన్న మీ వ్యాసకర్త మాట నిలవదు. అంతకు వందేళ్ల ముందే క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ త్రిత్వం గురించి రాశాడు. నికేయాలో తగవల్లా కుమారుడైన క్రీస్తు గురించే: తండ్రితో ఏకతత్వం గలవాడా, మతాచార్యుడు అరియస్ అన్నట్టు సృష్టించబడినవాడా? అరియస్ ఓడాడు, నిజమే. కానీ నికేయా పక్షాన గట్టిగా నిలిచిన అథనాసియస్‌ను 335లో ట్రియర్‌కు వెళ్లగొట్టింది ఈ చక్రవర్తే. 337లో అవసాన దశలో బాప్తిస్మం తీసుకున్నదీ అరియస్‌ను వెనకేసుకొచ్చిన బిషప్ యుసేబియస్ చేతనే! రుద్దినవాడి తీరు ఇదేనా? పరిశుద్ధాత్మ సంగతైతే 381 కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా తేలనేలేదు.

తండ్రి తనకన్నా గొప్పవాడని క్రీస్తే చెప్పినట్టు యోహాను సువార్త 14వ అధ్యాయంలో ఉంది. అరియస్ వర్గానికి అది బలమైన ఆధారం. వ్యాసకర్త చక్రవర్తిని వదిలి, ఆ వచనం మీద వాదించాలని మనవి.

– ఒక పాఠకుడు, గుంటూరు