పేరు లేదంటారా? మరి పోస్టులేవి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి కౌన్సెలింగ్ అయిపోయేదాకా అనంతపురం జిల్లాలో ఏ ఇంటికి పోయినా ఒకటే మాట. 'ఎస్కేయూలో ఏముందప్పా? పేరుండే కాలేజీలో చేర్చు.' పేరుండే కాలేజీ అంటే బెంగుళూరు, లేకుంటే విజయవాడ పక్క. ఆ పేరు కోసం శనక్కాయ చేను అమ్మినోళ్ళున్నారు. బోరుకని దాచుకున్న డబ్బు ఫీజుకు కట్టినోళ్ళున్నారు.

ఆ తల్లిదండ్రులను మేము తప్పు పట్టడం లేదు. కరువులో బతికినోడు బిడ్డ బతుకైనా బాగుపడాలని ఆశపడతాడు. మా తగువు ఆ 'పేరు'తో. అది ఎట్లా వస్తుంది? ఎవరిస్తే వస్తుంది?

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టింది. దాని కేంద్రం ఎక్కడుండాలని కొట్లాడుకున్నప్పుడు అనంతపురం పేరు కూడా వచ్చింది. చివరికి వాల్తేరు ఎత్తుకుపోయింది. 1937 నవంబర్ 16న మద్రాసులో కోస్తా పెద్దలు, సీమ పెద్దలు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. విశ్వవిద్యాలయానికి రెండు కేంద్రాలు పెంచాలి, ఒకటి వాల్తేరు, రెండోది అనంతపురం అని అందులో ఉంది. నీళ్ళ మాట, రాజధాని మాట అందరికీ గుర్తుంది గానీ చదువు మాట మనోళ్ళే మరిచిపోయారు. 1954లో తిరుపతికి విశ్వవిద్యాలయం వచ్చింది, నిజమే. ఒడంబడికలో రాసిన ఊరు మాత్రం తిరుపతి కాదు. అనంతపురానికి దక్కింది 1968లో, అదీ తిరుపతి కింద ఒక పీజీ సెంటర్. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది 1981లో. వాల్తేరుకూ మనకూ 55 ఏళ్ళ తేడా! అంత ముందు పరుగు మొదలుపెట్టినోడి పక్కన నిలబెట్టి, నీకు పేరు లేదు పొమ్మంటే ఏం న్యాయం?

ఇప్పుడు ర్యాంకుల కాలం. కేంద్రం 2016 నుంచి ఇస్తున్న ర్యాంకుల లెక్క చూడండి. నూటికి 10 మార్కులు పదిమంది నోట్లో నానే పేరుకే పోతాయి. పేరున్నోడికే మళ్ళీ పేరు! బోధనకు 30 మార్కులు, అందులో ఎంతమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడున్నాడనేది ఒక లెక్క. పరిశోధనకు ఇంకో 30. పాఠం చెప్పే మనిషి లేకుంటే ఈ మార్కులు ఎక్కడి నుంచి వస్తాయి? రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులు భర్తీ చేస్తామని 2023లో ప్రభుత్వం ప్రకటించింది. అన్ని కుర్చీలు ఖాళీగా పెట్టుకున్నామని తన నోటితో తనే ఒప్పుకున్నట్టే గదా! కుర్చీలు ఖాళీ పెట్టేది వాళ్ళు, పేరు పోయేది మనకు. ఆ పేరు చూపించి పిల్లోళ్ళను ప్రైవేటు గేటు దగ్గరికి తోలేది మళ్ళీ వాళ్ళే.

2017లో అమరావతిలో విట్, ఎస్‌ఆర్‌ఎం తలుపులు తెరిచాయి. భూమి కేటాయించింది ప్రభుత్వం. 2014 విభజన చట్టంలో రాసిన కేంద్ర విశ్వవిద్యాలయం అనంతపురంలో 2018లో మొదలైంది, జేఎన్‌టీయూ ఇచ్చిన గదుల్లో. ఎరువు ఏ చేలో వేస్తే ఆ చేనే పండుతుంది. ఇది తెలుసుకోవడానికి వ్యవసాయ శాస్త్రవేత్త కానక్కరలేదు.

మన విశ్వవిద్యాలయంలో అంతా బాగుందని మేము అబద్ధం చెప్పం. కంప్యూటర్ చదువు చదివి వెంటనే కంపెనీలో చేరాలనుకునేవాడికి బెంగుళూరులో ఉండటమే ఒక లాభం, అదీ కాదనం. కానీ తూకం వేసేటప్పుడు బోర్డు మీది పేరు కాదు, చేరబోయే డిపార్ట్‌మెంటును తూయండి. పర్మినెంట్ అధ్యాపకులు ఎందరు? ల్యాబులో పనిచేసే పరికరాలెన్ని? హాస్టల్, మెస్సుతో కలిపి ఏడాదికి ఎంతవుతుంది? ఈ మూడు ప్రశ్నలు బెంగుళూరు కాలేజీనీ అడగండి. రంగుల బ్రోచర్‌లో మొదటి ప్రశ్నకు జవాబు దొరకడం కష్టం. గ్రూప్స్ రాయాలంటే కావలసింది గుర్తింపు ఉన్న డిగ్రీ. కాలేజీ పేరు పెద్దదా చిన్నదా అని దరఖాస్తులో గడి లేదు.

ఎస్కేయూ హాస్టల్‌కు ఒకసారి పోయి చూడండి. కళ్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర పల్లెల పిల్లలు. అమ్మానాయినలు వానలేక బెంగుళూరుకు కూలికి పోతే, ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నోళ్ళు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్ళే. ఈ క్యాంపస్ పాడుబడితే వాళ్ళు విజయవాడ పోరు, పొలానికి పోతారు. ఆ పొలంలో ఏముందో మనకు తెలుసు.

మరి మన సీమ నాయకులు? ఉద్యమ సభల్లో శ్రీబాగ్ అని గొంతు చించుకునే ఎంతమంది తమ బిడ్డల్ని ఇక్కడ చదివించారు? అడగండి, నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

మేము కోరేది ఒకటే. ఏ డిపార్ట్‌మెంటుకు ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని నిండాయి, ఎన్నేళ్ళుగా ఖాళీ, ఈ లెక్క రాసి ఎస్కేయూ గేటు దగ్గర బోర్డు పెట్టాలి, ప్రతి ఏడాది అడ్మిషన్లకు ముందు. అధికారులు పెట్టకుంటే విద్యార్థి సంఘాలు లెక్క తీసి గోడ మీద రాయాలి. సున్నం డబ్బా మేమిస్తాం.