పరదేశమున గది, స్వదేశమున గడప

భీమవరమునకు బోయినను, అమలాపురమునకు బోయినను, రాజమహేంద్రవరమునకు వచ్చినను విదేశవిద్య నమ్ము దుకాణము కానవచ్చును. లండను గడియారపు గోపురము, అమెరికా స్వాతంత్ర్యదేవత గోడలపై వ్రేలాడుచుండును. (ఆ గోపురములో అద్దెకు గది లేదని వారికిని తెలియును.) ప్రవేశపత్రము తెప్పింతురు, బ్యాంకు ఋణము చూపింతురు, వీసా ప్రశ్నలకు జవాబులు వల్లెవేయింతురు. ఇన్ని చేసిన యా పెద్దమనుష్యులను, "మా పిల్లవాడు విమానము దిగిన రాత్రి యే కప్పు క్రింద పరుండును?" అని తండ్రి యడిగినచో, "అక్కడ మనవాళ్లున్నారు లెండి, వాట్సాప్ గ్రూపులో చేర్పించెదము" అని సెలవిత్తురు.

వసతి కుదరని ప్రవేశము ప్రవేశమే కాదని మా వాదము. గది సంగతి స్వల్పమని త్రోసివేయువారు దాని లోతెఱుంగరు. అమెరికాలో ఇల్లద్దెకిచ్చువాడు క్రెడిట్ స్కోరు అడుగును. నిన్న దిగిన బాలునకు ఆ దేశమున అప్పుచేసి తీర్చిన చరిత్ర యెక్కడిది? సోషల్ సెక్యూరిటీ నంబరడుగును. ఉద్యోగము కుదరనిదే విద్యార్థికి అది రాదు. ఇంగ్లండులో ఆ దేశమున నివసించు జామీనుదారుని చూపుమందురు. చూపలేనివానిచే ఆఱునెలల అద్దె ముందే కట్టించుకొనుట చిరకాలాచారము. దానికి హద్దు పెట్టుటకు అచటి పార్లమెంటునకు 2025 వఱకు తీరిక లేకపోయెను. జర్మనీలో నివాసమును నగరకార్యాలయమున నమోదు చేయించుకొననిదే తక్కిన కాగితములు నడువవు. కాగితము లేనిదే ఇల్లు లేదు, ఇల్లు లేనిదే కాగితము లేదు.

ఈ చిక్కులో పడిన బాలుడు బయలుదేరకమునుపే ఫోనులో బొమ్మలు చూచి, మొగమెఱుగని మనుష్యునకు అడ్వాన్సు పంపును. దిగి పోయి చూచునప్పటికి ఆ చిరునామాలో వేఱొక సంసారము కాపురముండును. బొమ్మలు మఱియెవరి ప్రకటననుండియో దొంగిలించినవి. పోయినది కొబ్బరితోట తాకట్టుపెట్టి తెచ్చిన ధనము. అంతట వాడు ఇద్దఱుండదగిన గదిలో ఆఱుగురితో నేలపై పరుండి, వీడియోలో తల్లికొక శుభ్రమైన గోడను చూపి, "గది బాగున్నదమ్మా" అనును. ఆ గోడకెదురుగా నేమున్నదో మనమడుగము, వాడు చెప్పడు.

ఇందు పరదేశపు విశ్వవిద్యాలయముల పాలు తక్కువ కాదు. స్వదేశీయులకంటె కొన్నిరెట్లు రుసుము మనవారివద్ద గైకొందురు. మంచము సంగతి వచ్చినప్పుడు మాత్రము మార్కెటును చూపుదురు. 2022లో ఆంస్టర్‌డాం విశ్వవిద్యాలయము, గది కుదరనివారు రావలదని విదేశవిద్యార్థులను హెచ్చరించెను. ఆ మాట కఠినమే యైనను నిజాయితీ గలది. కెనడా మార్గము వేఱు. ఏండ్ల తరబడి రుసుములు రాబట్టి, ఇండ్లు చాలవని ప్రజలు గోలపెట్టిన పిదప, 2024 జనవరిలో ఆ యేటి విద్యార్థి అనుమతులను 35 శాతము తగ్గించి సుమారు 3,60,000కు కుదించిరి. ఇండ్లు కట్టనివారు పాలకులు, నింద మోసినవారు విద్యార్థులు!

పూర్వము మనవారీ కష్టమెఱుగనివారు కారు. లండనులో రంగు చూచి తలుపు మూయుచున్నారనియే గదా శ్యామజీ కృష్ణవర్మ 1905లో హైగేటులో ఇండియా హౌస్ తెఱచినది! అది మొదట విద్యార్థుల వసతిగృహము. విప్లవకారుల నిలయమగుట పిమ్మట. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసి చదువుకొనెను. ఆయన ప్రయాణమునకు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండ నిలిచెను. నాడు కాకినాడనుండి ధర్మము వెంటబోయెను. నేడు పిల్లవానిని చేర్చినందుకు పరదేశపు విశ్వవిద్యాలయములు ఏజెంట్లకు కమీషను పంపుచున్నవి.

ఇంతవఱకు చదివి "నిజమే, తెల్లవారు దుర్మార్గులు" అని తలయూపు పాఠకుడు ఒక్కసారి తన వీధి చివరకు పోయి "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అను బోర్డును చూడవలెను. "మీరేమిట్లు?" అనునది అచట మొదటి ప్రశ్న, "మాంసము తిందురా?" అనునది రెండవది, అద్దె మాట మూడవది. అంబేడ్కరు న్యూయార్కునందును లండనునందును తలదాచుకొనగలిగెను; 1917లో బరోడా సంస్థానోద్యోగమునకు వచ్చి ఆ నగరమున ఇల్లు దొరకక, పార్శీల సత్రమున పార్శీ పేరుతో దాగి, గుట్టు తెలియగా కఱ్ఱలు పట్టినవారిచే వెడలగొట్టబడెను. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఆఫ్రికానుండి వచ్చిన బాలుడు గదికై తిరుగునప్పుడు మనమెట్లు చూచుచున్నాము? 1968లో బ్రిటనును, అమెరికాయు జాతి చూచి ఇల్లు నిరాకరించుటను శాసనముచే నిషేధించినవి. అచట మన బాలునకు మొఱపెట్టుకొన నొక చోటైనను కలదు. ఇచట మనచే తిరస్కృతుడైనవాడు ఎవరితో చెప్పుకొనును? కుమారుడు బర్మింగుహాములో గది దొరకలేదని కన్నీరు పెట్టు తండ్రియే, కాకినాడలో తన మేడగదిని కులమడిగి తాళము వేయుచున్నాడు. మా మాటకు కోపము వచ్చినవారు రావచ్చును.

కన్సల్టెన్సీకి కడపటి వాయిదా కట్టబోవు తల్లిదండ్రులు రసీదుతోపాటు మొదటి నెల నివాసపు చిరునామా వ్రాయించుకొనవలెను. వ్రాయనివానికి పైకము నిలుపవలెను. ఎవరును కన్నులార చూడని యింటికి ఒక్క డాలరైనను పంపరాదు. 1977లో పుట్టిన తానా మొదలుగాగల అమెరికా తెలుగుసంఘములను మేము కోరునది యొక్కటి: మహాసభలకు తారలను పిలిపించు వ్యయములో కొంత తీసి, విద్యార్థులు దిగు పట్టణములలో పదునైదు దినములు తలదాచుకొన వసతి యేర్పఱచుడు, గది చూచివచ్చి నిజము చెప్పు మనుష్యుని నియమింపుడు. అట్లు తెఱచిన తలుపువద్ద "మీరేమిట్లు?" అను ప్రశ్న మాత్రము వినబడరాదు.