చలి మీద నెపం, ఇంజెక్టర్ల మీద బిల్లు

"చలికాలం కదా అన్నా, పాత సీఆర్‌డీఐ బండి, ఇంజెక్టర్లు అయిపోయినట్టే." పొద్దున్నే ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోని పికప్ గురించి మొన్న అంగలకుదురులో ఒక కుర్ర మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా ఇచ్చిన తీర్పు ఇది. అతనొక్కడే అయితే ఊరుకునేవాణ్ణి. తెనాలి నుంచి రేపల్లె దాకా ఇదే పాట. నిమ్మకాయల యార్డుకు, దుగ్గిరాల పసుపు యార్డుకు కిరాయిలు తోలి కూడబెట్టిన డబ్బులు ఇంజెక్టర్ల సెట్టుకు పోతున్నాయి. బండి మాత్రం మళ్లీ తెల్లారేసరికి మొండికేస్తుంది. ఒళ్లు మండకేం చేస్తుంది?

అసలు ఏం చలి? ధనుర్మాసంలో మంచు ఎంత దట్టంగా పట్టినా మన డెల్టాలో 15 డిగ్రీల కిందికి దిగేది అరుదు. లడఖ్‌లో డీజిలు గడ్డకడుతుంటే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిలు తెచ్చింది. చలంటే అదీ. తెనాలిలో ఆ మాట ఎత్తడానికి నోరెలా వస్తుందో!

పైగా ఇంజెక్టర్ లోపల అరిగితే డీజిలు రిటర్న్ లైనులోకి జారిపోతుంది, ఇంజెక్టర్లన్నిటికీ డీజిలు పంచే కామన్ రైల్లో ప్రెషర్ నిలవదు. సుమారు 200 బార్ అయినా అందకపోతే చాలా బండ్లలో ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇంజెక్టరును తెరవనివ్వదు. నిజమే. కానీ వేడెక్కిన డీజిలు పలచబడి ఇంకా ఎక్కువ జారుతుంది. అంటే అరిగిన ఇంజెక్టరు చాలాసార్లు మధ్యాహ్నం, వేడి మీద ఆపిన బండినే ఎక్కువ ఏడిపించాలి. మధ్యాహ్నం ఒక్క సెల్ఫ్‌కే అందుకుని తెల్లవారుజామున మాత్రమే మొరాయించే బండికి ముందు ఇంజెక్టర్లు మార్చడం ఏం వైద్యం? ఒక్కో ఇంజెక్టరు రిటర్న్ పైపుకు ఒక్కో సీసా కట్టి, ఏది ఎక్కువ వదులుతోందో చూడటానికి ఖర్చేముంది? ఆ సీసాలు కట్టేవాళ్లు కరువయ్యారు.

రోగం రాత్రిపూట పుడుతుంది. ఫిల్టర్ వాషరు దగ్గరో, హ్యాండ్ పంపు దగ్గరో, ఎండకు పగిలిన రబ్బరు పైపు దగ్గరో సన్నగా గాలి లాగుతుంది. బయటికి ఒక్క చుక్క డీజిలు కారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తెల్లారేసరికి లైన్లో డీజిలు ట్యాంకులోకి దిగిపోతుంది. కాలువ కట్ట మీద మూతి పైకి పెట్టి ఆపితే స్టార్ట్ కాని బండి, మూతి కిందికి పెట్టి ఆపిన రాత్రి సుఖంగా స్టార్ట్ అయిందంటే అనుమానించాల్సింది గాలినే. ఫిల్టర్ దాటిన చోట ఒక పారదర్శకమైన పైపు ముక్క వేస్తే బుడగలు కళ్లముందే కనిపిస్తాయి. డ్రైవర్లకు ఈ కట్ట సంగతి ఎప్పుడో తెలుసు. వాళ్ల మాట వినేదెవరు?

ఇక ఇంజిన్ కంప్యూటర్లో తప్పుల కోడ్లు చదివే స్కానరు. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4 దేశమంతటా తప్పనిసరయ్యాక పల్లె షెడ్లలోకి కూడా ఇది చేరింది. కోడు రాలేదంటే ఎలక్ట్రికల్ తప్పు లేదట, కాబట్టి ఇంజెక్టర్లేనట! గాలి లాగే వాషరుకు సెన్సారు ఎవరు పెట్టారు? అదే స్కానరులో సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు రైల్ ప్రెషర్ ఎంతకు ఎక్కుతోందో కనిపిస్తుంది. ఆ పేజీ తెరవరు.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర స్టార్టింగ్ స్ప్రే కొట్టే వాళ్లను చూస్తే మరీ కోపం. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్లో అది అదుపు తప్పి మండితే పిస్టన్ రింగులు విరుగుతాయి. పెట్రోలు గుడ్డ పెట్టడమూ అంతే. బండి కదిలిందని చప్పట్లు కొట్టే యజమానులకైనా బుద్ధుండాలి.

బ్యాటరీ, ఎర్త్ వైరు సంగతి మీటరు పెడితే నిమిషంలో తేలుతుంది. సెల్ఫ్ కొడుతుండగా 10 వోల్టుల కిందికి పడితే ముందు అవి చూసుకోవాలి. ఆ తర్వాత సైలెన్సరు వైపు చూడాలి. తెల్లపొగ వస్తుంటే డీజిలు అందుతోంది, మండటం లేదు. హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్ చూడండి. పొగే లేకపోతే డీజిలే అందడం లేదు.

ఇవన్నీ చల్లటి ఇంజిన్ మీద చూడాల్సినవి. పదింటికి వేడి బండి తెచ్చి చూపిస్తే దేవుడైనా చెప్పలేడు. బండిని రాత్రే షెడ్డులో వదలాలి, మొదటి సెల్ఫ్ మెకానికే కొట్టాలి. ఏ సామానూ మార్చకపోయినా ఆ చూసినందుకు కూలి ఇవ్వాలి. వాషరు మార్చినందుకు ఇంతా అని మనం పేచీ పెడుతున్నంత కాలం అతను ఇంజెక్టర్లే అమ్ముతాడు. ఆ కూలి ఎంతన్నది షెడ్ల వాళ్లూ, బండ్ల వాళ్లూ కూర్చుని తేల్చుకోవాలి.