కొయ్యపని గదిలోకి మిషను ఆఖర్న రావాలి

రిటైరైన మామలకూ, ఇంట్లోంచే ఆఫీసు పని చేసే మేనల్లుళ్ళకూ ఇప్పుడు ఒకే పిచ్చి పట్టుకుంది: ఇంట్లో ఒక కొయ్యపని గది కావాలి. వేలూరులో మిద్దె మీద రేకుల షెడ్డు వేసేవాళ్ళు ఉన్నారు. గుడియాత్తంలో దొడ్డివైపు కొట్టం ఖాళీ చేయించేవాళ్ళూ ఉన్నారు. మంచిదే, సెల్‌ఫోను చూస్తా కూర్చునేదానికంటే వెయ్యి రెట్లు మేలు. కానీ అందరూ మొదట కొనేది టేబుల్ సా. యూట్యూబులో అమెరికావాళ్ళ గ్యారేజీలు చూసి, రెండు కార్లు పట్టే చోటును మన పది అడుగుల గదిలోకి దించాలని చూస్తారు. ఇక్కడే నాకు పేచీ.

ముందు గట్టి పనిబల్ల ఒకటి, పదును పెట్టిన అయిదారు చేతి పనిముట్లు, ఒక సానరాయి. ఇవి పెట్టుకుని ఏడాది పని చెయ్యండి. ఆ తర్వాత కూడా మిషను కావాలనిపిస్తే అప్పుడు కొనండి.

ఈ మాటకు సాక్ష్యం మన వేలూరులోనే ఉంది. 1946లో సి.ఎం.సి. ఆస్పత్రికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు మన పెద్దవాళ్ళు చాలామంది విన్నదే. 1914లో కొల్లి కొండల్లో పుట్టాడు. డాక్టరు చదువుకు ముందు ఇంగ్లండులో ఇళ్ళు కట్టే పనీ, వడ్రంగమూ నేర్చుకున్నాడు. కుష్ఠు వల్ల వంకరపోయిన వేళ్ళను ఆపరేషన్ చేసి తిన్నగా చేసినా, ఆ చేతులకు పని లేకపోతే ఏం లాభం అని 'నవ జీవ నిలయం' పేరుతో ఒక చిన్న వాడ కట్టించి, అక్కడ వడ్రంగం, కొయ్యబొమ్మల పని నేర్పించారు. ఆ పనిగదిలో ఒక సంగతి బయటపడింది. ఆ చేతులకు స్పర్శ లేదు. సుత్తి పిడి చీలి గుచ్చుకుంటున్నా, పిడి సన్నగా ఉండి ఒకే చోట ఒత్తుకుంటున్నా వాళ్ళకు తెలియదు. సాయంత్రానికి పుండు. ఈ పుండ్లన్నీ జబ్బే తెస్తోందని లోకం అనుకునే రోజులవి. బ్రాండ్ మాత్రం ఒక్కో పుండు ఏ పనిముట్టు వల్ల వచ్చిందా అని వెదికి, పిడులు మార్పించాడు.

తుప్పు పట్టిన తాళం కథ ఆయనే చెప్పుకున్నాడు. తన వల్ల తిరగని తాళం చెవిని ఒక బక్కపలచని పిల్లవాడు గబుక్కున తిప్పేశాడు. చూస్తే వేలు ఎముక దాకా తెగి ఉంది. వాడికి అధిక బలమేమీ లేదు. నొప్పి లేదు, అంతే.

మన చేతులకు నొప్పి తెలుసు, అదృష్టం. చిత్రిక పట్టేటప్పుడు కొయ్య నార ఎటు పోతా ఉందో అరచేతికే తెలుస్తుంది. ఉలి మొద్దుబారితే మణికట్టు చెప్తుంది. రంపం పక్కకు లాగితే భుజం చెప్తుంది. టేబుల్ సా ముందర నిలబడిన రోజు ఈ కబుర్లన్నీ ఆగిపోతాయి. దానికి కొయ్యా వేలూ ఒకటే. రోజంతా దాని మీద బతికేవాడికి ఆ జాగ్రత్త అలవాటై ఉంటుంది. ఆదివారం ఆదివారం గది తలుపు తీసేవాడికి ఎక్కణ్ణించి వస్తుంది?

బల్ల సంగతికి వస్తాను, ఎందుకంటే గదికి ప్రాణం అదే. పాతకాలం ఆచారులు నేల మీద కూర్చుని, కొయ్యను కాళ్ళతో పట్టుకుని పని చేసేవాళ్ళు. చూసేదానికి ముచ్చటగా ఉంటుంది, అరవై దాటిన మోకాళ్ళకు మాత్రం కుదరదు. నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు ఎక్కడికి వస్తుందో అంత ఎత్తు బల్ల చాలు. అంతకంటే ఎత్తయితే చిత్రిక మీద ఒళ్ళు వాలదు, తగ్గితే నడుము పోతుంది. అంగడిలో దొరికే రెడీమేడ్ ఎత్తు ఎవరి ఒంటికీ కాదు. పై పలక మూడు అంగుళాల మందం ఉంటే సుత్తి దెబ్బకు ఎగరదు. కాళ్ళు మేకులతో కొట్టించొద్దు. కుసి తీసి, బెజ్జం తొలిచి దిగ్గొట్టించండి. మేకు వదులవుతుంది, బిగువుగా కుదిరిన కుసి ఊరికే వదలదు.

ఒంటికి తగినట్టు పనిచోటు కట్టుకోవడం గుడియాత్తం వాళ్ళకు ఒకరు నేర్పాలా? లుంగీలకు పేరుపడ్డ ఊరు. గుంటమగ్గం పెట్టేటప్పుడు నేసేవాడి కాళ్ళ పొడుగు చూసి కదా గుంట తవ్వేది! మగ్గం ఆగిపోయిన ఇళ్ళల్లో ఆ గది ఇప్పుడు పాత సామాన్ల కొట్టుగా మారింది. నన్నడిగితే కొయ్యపనికి అంతకు మించిన చోటు లేదు. పొడుగైన గది, నేసే మనిషి వైపుకు వెలుతురు వచ్చే కిటికీ, నేల మట్టం. గుంట పూడ్చి, బల్లను ఆ కిటికీ పక్కనే వెయ్యండి. ఎడమ నుంచి వెలుతురు పడితే కుడిచేతివాటం వాడికి గీత మీద నీడ పడదు.

ఇక అసలు కడుపుమంట. పాత ఇల్లు పంచుకుని పడగొట్టేటప్పుడు దూలాలు, వాసాలు, ద్వారబంధాలు ఒకే బేరంగా ఏదో ఒక రేటుకు లారీ ఎక్కించేస్తాం. ఆ కొయ్యే కారైక్కుడి అంగళ్ళలో పాలిష్ పెట్టుకుని, పదింతల ధరకు మనలాంటి వాళ్ళకే అమ్ముడవుతుంది. పచ్చి కొయ్య ఆరేదానికి అంగుళం మందానికి ఏడాది అని ఒక లెక్క. తాతల కాలం నుంచి మన నెత్తిమీద నిలబడి ఆరిన దూలానికి ఏం లెక్క చెప్తారు? సామిల్లులో ఈ రోజు డబ్బు పోసినా అంత ఆరిన టేకు దొరకదు. అందరి వాటాలూ తేలేదాకా ఆగి, కనీసం ఒక ద్వారబంధం, రెండు దూలాలు పక్కన పెట్టించండి. అన్నదమ్ములు ఒప్పుకోకపోతే మీ వాటాలో తగ్గించుకుని అయినా సరే.

పాత కొయ్యకు రెండు జాగ్రత్తలు. లోపల విరిగిన మేకులు ఉంటాయి, అయస్కాంతం పెట్టి తడమకుండా రంపం పెట్టొద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, అందుకని ఉప్పుకాగితంతో పొడిగా రుద్ది ఇల్లంతా దుమ్ము చెయ్యొద్దు. తడిపి గీకండి. పిల్లకాయలు ఉన్న ఇంట్లో అయితే వాళ్ళను ఆ పూట అటువైపు రానివ్వొద్దు.

దుమ్ము మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే కాన్సర్ పరిశోధన సంస్థ, కొయ్య దుమ్మును మనుషులకు కాన్సర్ తెచ్చే వాటిలో చేర్చింది. చిత్రిక నుంచి చుట్టలు చుట్టలుగా రాలే పేళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవు, పొయ్యిలోకి పోతాయి. శాండింగ్ మిషను రేపేది సన్నని పొడి. జేజి పడుకునే గది పక్కన అది వద్దు.

మన వాతావరణం ఇంకో పరీక్ష. మే నెలలో వేలూరు ఎండకు పలక బిగుసుకుని సన్నబడుతుంది. ఐప్పశి, కార్తిక మాసాల వానకు ఉబ్బుతుంది. ఎండాకాలంలో బిగువుగా అమర్చిన సొరుగు దీపావళికి తెరుచుకోదు. విదేశీ వీడియోల్లో చెప్పే సందు మనకు చాలదు, ఒక కార్డు అట్ట మందం ఎక్కువే వదలండి.

చివరగా, ఆచారి సంగతి. మన పిల్లలు చిత్రికను 'ఇళైప్పుళి' అంటారు, బాడిశను 'వాచ్చి' అంటారు. తప్పేం లేదు, వాళ్ళు చదివింది తమిళం. ఉలి, రంపం రెండు భాషల్లోనూ దగ్గరే. కానీ చిత్రిక, బాడిశ, కుసి, మూలమట్టం అనే మాటలు పుస్తకం చదివితే రావు, పనిముట్టు చేతికి అందిస్తా అడిగితే వస్తాయి. "ఆ చిత్రిక ఇటివ్వరా" అని పదిసార్లు అంటే మాట చేతికే అంటుకుంటుంది. అందుకని టేబుల్ సా కొనాలని దాచిన డబ్బులో కొంత తీసి, ఊళ్ళో ఇంకా చేత్తో పని చేసే పెద్దాచారిని నెలకు రెండు ఆదివారాలు పిలిపించండి. ఆయనకు పూర్తి రోజు కూలి ఇవ్వండి, భోజనం ఇంట్లోనే. బీరువా చేసి పెట్టమని మాత్రం అడగొద్దు, సానపట్టడం నేర్పమని అడగండి. మొదటి రెండు మూడు ఆదివారాలు దానికే సరిపోతాయి.