గాలితో చల్లబడే ఇంజను: వేడికి చెప్పవలసిన లెక్క

ఇంజను ఉన్నచోట వేడి తప్పదు. పెట్రోలు మండగా పుట్టే శక్తిలో చక్రాలను త్రిప్పడానికి వినియోగపడేది స్వల్పభాగమే. తక్కినదంతా వేడిగా మారి లోహాన్నీ, నూనెనూ బాధిస్తుంది. ఆ వేడిని ఎక్కడికి సాగనంపాలన్నది మోటారు నిర్మాతలను తొలినాటి నుండి వేధించిన ప్రశ్న. మన వీధులలో తిరిగిన బజాజ్ చేతక్ స్కూటరు దీనికి చెప్పిన సమాధానం మనకు పరిచితమే. దానిలో నీరు లేదు, రేడియేటరు లేదు. ఫ్లైవీలుకు ఉన్న రెక్కలు గాలిని విసరుతాయి. రేకుతొడుగు ఆ గాలిని సిలిండరు చుట్టూ నడిపిస్తుంది. ఇదే సూత్రంపై ఆధారపడి పోర్షే సంస్థ అర్ధశతాబ్దం పాటు వేగవంతమైన కార్లను నిర్మించింది.

1948లో ఆస్ట్రియాలోని గ్ముండ్ గ్రామంలో పుట్టిన 356 మొదలుకొని, 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనిపించి 1998 వరకు గాలి చలువతోనే తయారైన 911 వరకు ఆ వంశం సాగింది. ఈ కార్ల అభిమానులు ఒక మాట తరచు అంటూ ఉంటారు: గాలి గడ్డకట్టదు, మరగదు, కారిపోదు, కాబట్టి బాధ లేదు అని. ఈ మాటలో సత్యం ఉన్నది గాని, సగమే ఉన్నది. నీటిని తొలగించినంత మాత్రాన నీరు చేసే పని తొలగిపోదు. ఆ పనిని మరెవరో నెత్తిన వేసుకోవలసిందే.

911లో ఆ భారాన్ని మోసినవి రెండు. మొదటిది, ఆరు సిలిండర్ల వెనుక బెల్టుతో తిరిగే పెద్ద ఫ్యాను. రెండవది నూనె. నూనె కేవలం కందెన కాదు. లోహంలోని వేడిని తనలో కలుపుకొని బయటకు చేర్చే వాహకం కూడా. అందుచేతనే మామూలు కార్లకు నాలుగైదు లీటర్ల నూనె సరిపోగా, ఈ కారుకు విడిగా ఒక తొట్టి పెట్టి దాదాపు రెట్టింపు నూనె పోయవలసి వచ్చింది. శక్తి పెరిగిన కొద్దీ అదీ చాలలేదు. 1969 నమూనా 911 ఎస్ కారుకు ముందుభాగాన మరొక నూనె శీతలకాన్ని అమర్చారు. పేరుకు గాలి ఇంజను. నిజానికి అది గాలీ నూనే కలిసి మోసిన ఇంజను.

ఇక ప్రయాణికుల వెచ్చదనం మాట. ఐరోపా శీతకాలంలో అది విలాసం కాదు. ముందు అద్దంపై మంచు కరగకపోతే దారే కనిపించదు. నీటి ఇంజను గల కారులో వేడెక్కిన నీటినే ఒక చిన్న పేటికలోనికి మళ్ళించి గాలిని వేడిచేస్తారు. నీరు లేనిచోట ఏమి చేయాలి? పొగగొట్టాల చుట్టూ రేకు తొడుగులు వేసి, ఫ్యాను గాలిలో కొంత భాగాన్ని వాటిగుండా పంపి, తలుపుల కింది గొట్టాల ద్వారా లోపలికి తెచ్చారు. వృథాగా పోయే వేడిని సద్వినియోగం చేసిన ఈ ఉపాయం మెచ్చదగినదే. కాని ఫ్యాను ఇంజనుతోపాటు తిరుగుతుంది గనుక, కారు నెమ్మదిస్తే వెచ్చదనమూ తగ్గుతుంది. వేగం పెరిగితే ఉక్కపోత.

అంతకన్న గంభీరమైన విషయం మరొకటి ఉన్నది. ఆ తొడుగులోని గొట్టం తుప్పుపట్టి చిల్లి పడితే, వెచ్చని గాలితోపాటు కార్బన్ మోనాక్సైడు కూడా లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంటిదీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలదా?

వేడికి లెక్క చెప్పక తప్పించుకొనజూస్తే ఏమవుతుందో 1970ల దశకం చూపించింది. 1975–77 మధ్య అమెరికాకు పంపిన 911 కార్లలో పలువాటికి, పొగలో మిగిలిన ఇంధనాన్ని కాల్చివేయడానికి ఇంజను అడుగునే థర్మల్ రియాక్టర్లు అమర్చారు. పొగ శుభ్రపడింది, వేడి మాత్రం పెరిగింది. సిలిండర్లను బిగించి ఉంచే పొడవైన బోల్టులు మెగ్నీషియం క్రాంక్‌కేసులో పట్టు వీడసాగాయి. 1978 నమూనా 911 ఎస్‌సీ నాటికి క్రాంక్‌కేసును అల్యూమినియంతో చేయవలసి వచ్చింది. 1980ల దశకంలో వచ్చిన 959కి సిలిండరుకు నాలుగేసి వాల్వులు పెట్టినప్పుడు, పైభాగాన్ని చల్లబరచడానికి నీటినే ఆశ్రయించారు.

కాబట్టి 1998లో 911 పూర్తిగా నీటి చలువకు మారడాన్ని ద్రోహమని నిందించేవారితో నేను ఏకీభవించలేను. ఒక పద్ధతి తన శక్తిమేరకు సేవచేసి గౌరవంగా విరమించుకున్నది, అంతే.

నేడు ఆ పాత కార్లను ప్రాణప్రదంగా కాపాడుకొంటున్నవారు ఎందరో ఉన్నారు. వారి అభిరుచి ప్రశంసనీయం. అయితే కొందరు బరువు తగ్గుతుందని, శక్తి హెచ్చుతుందని వేడిపేటికలను ఊడదీస్తున్నారు. గాలికి దారిచూపే రేకులను అనవసరమని పారవేస్తున్నారు. మరికొందరు పైరంగుకు వేలు వెచ్చించి, కింద తుప్పుపట్టిన గొట్టాన్ని చూడనైనా చూడరు. ఇది సంరక్షణ కాదు, అలంకారం. తళతళలాడే కారును చూసి మురిసేముందు దాని పొగగొట్టాన్ని పరీక్షించడం యజమాని కనీస ధర్మం. ఆ కారులో కూర్చునేది అతడొక్కడే కాదు. అతని భార్యాబిడ్డలు కూడా.

సరళత అంటే బాధ్యత లేకపోవడం కాదని ఈ యంత్రం మనకు బోధిస్తున్నది. ఒక భాగాన్ని తీసివేసినవాడు, అది చేసే పనిని ఇకమీదట ఎవరు చేస్తారో చెప్పి తీరాలి. రేపు యంత్రాలను నిర్మించబోయే, నడపబోయే మన విద్యార్థులు ఈ ఒక్క ప్రశ్నను మరువకుందురు గాక!